బ్యాటరీ చైన్‌సా కొంటున్నారా? నా పాత వీడియో మర్చిపోయి ఇది చూడండి

ఈ ఎపిసోడ్ క్షమాపణతో మొదలుపెట్టాలి. తప్పదు.

పోయిన ఏడాది నేనొక చిన్న వీడియో పెట్టాను, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆన్‌లైన్‌లో 3,000 లోపు దొరికే మినీ చైన్‌సా. కుడిచేత్తో మిషను, ఎడమచేత్తో జీడికొమ్మ పట్టుకుని టకటకా కోసేసి, "చూశారా ఫ్రెండ్స్, అరటిబోదె కోసినట్టు కోసేస్తోంది" అన్నాను. నా ఛానల్‌లో ఎక్కువమంది చూసింది అదే. ఇప్పుడు వెతికినా దొరకదు, నేనే తీసేశాను.

ఆ మిషన్‌ని వీడియో అయ్యాక మా నాన్నకి ఇచ్చేశాను. జూన్‌లో జీడి కోతలు అయిపోయాక ఎండుకొమ్మలు తీయడానికి తోటకి పట్టుకెళ్లారు. ఎడమచేత్తో కొమ్మ పట్టుకున్నారు. కొమ్మ తెగింది, మిషను మాత్రం ఆగలేదు, అదే ఊపులో ముందుకొచ్చి ఎడమచేతి బొటనవేలి కింద కండలో దిగింది. ఏడు కుట్లు. నరం తెగలేదు, అదే అదృష్టం. నేను బస్సు దిగి ఇంటికెళ్లేసరికి చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. నేనేమీ అడక్కముందే, "నాకేటి అవనేదురా. నువ్వు వీడియోలో సూపించినట్టే పట్టుకున్నాను మరి" అన్నారు.

ఆ మాట నన్ను తిట్టడానికి అన్నది కాదు, ఆయన నిజంగానే అలా అనుకున్నారు. అందుకే ఈ వీడియో. ఈసారి అన్‌బాక్సింగ్ లేదు, మ్యూజిక్ లేదు. ఆరు నెలలు వాడి, పాడుచేసి, నేర్చుకున్నది చెప్తాను.

ముందు అసలు మాకు ఈ మిషను ఎందుకో చెప్పాలి. మాది ఉద్దానం అండి, శ్రీకాకుళం జిల్లా. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు బీటెక్ ఫైనలియర్. రెండ్రోజుల తర్వాత ఊరెళ్తే బస్సు మా ఊరికి చాలా దూరంలోనే ఆపేశారు, రోడ్డు మీద అన్నీ చెట్లే. నడుచుకుంటూ వెళ్లాను. ప్రతి మలుపు దగ్గరా నలుగురైదుగురు గొడ్డళ్లతో, రెండు చేతుల రంపాలతో కొబ్బరి మాన్లు కోస్తున్నారు. ఒక్క మాను పక్కకి తీయడానికి గంటకి పైనే పట్టేది. ఎక్కడో ఒకచోట పెట్రోల్ రంపం కనిపిస్తే దాని చుట్టూ జనం. ఇంట్లో ఒక మిషను ఉండాలి అని నా బుర్రలో పడింది ఆరోజే.

సరే, కొనడం దగ్గరికొద్దాం. మీరు ఆన్‌లైన్‌లో "బ్యాటరీ చైన్‌సా" అని కొడితే 21 వోల్ట్, 24, 48, 88 అని వరసగా వస్తాయి. మనం ఏం చేస్తాం? పెద్ద నంబరు ఉన్నది కొంటాం. నేను అదే చేశాను. నాది బీటెక్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, అయినా లేబుల్ మీద 48 అని ఉంటే నమ్మేశాను. సిగ్గుగానే ఉంది.

నాన్నకి దెబ్బ తగిలాక కోపంతో ఆ బ్యాటరీ విప్పాను. (మీరు విప్పకండి. లిథియం బ్యాటరీలో స్క్రూడ్రైవర్ తగిలి షార్ట్ అయితే మంట. నేను బయట, ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని చేశాను.) లోపల పది సెల్స్ ఉన్నాయి. బొటనవేలంత లావు, దానికన్నా కొంచెం పొడుగు, 18650 అంటారు, పాత లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేవే. ఒక్కో సెల్ మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో 4.2. పది సెల్స్‌ని రెండేసి జతకట్టి ఐదు జతలు వరసగా పెట్టాడు. ఐదు ఇంటూ 3.6, అంటే 18 వోల్టులు. ఫుల్ ఛార్జ్‌లో 21. ఎలా లెక్కేసినా 48 రాదు. ఆ 48 స్టిక్కర్ మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట. 18 వోల్ట్ మిషన్‌ని "20 వోల్ట్ మ్యాక్స్" అని రాసే కంపెనీలు కూడా ఉన్నాయి. అది మోసం కాదు. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న లెక్క చెప్తున్నారు, అంతే. అలాగే "40 వోల్ట్ మ్యాక్స్" అంటే లోపల 36. ఆ మాత్రం తేడా పర్లేదు. 18ని 48 అంటేనే ఇబ్బంది.

మరి ఏం చూడాలి? వాట్ అవర్. వోల్టుల్ని ఆంప్ అవర్‌తో గుణిస్తే వస్తుంది. నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లో అడిగినట్టు అన్నమాట. నా బ్యాటరీలో ఒక్కో సెల్ మీద 1500 ఎంఏహెచ్ అని ఉంది. రెండు జతగా ఉన్నాయి కాబట్టి 3 ఆంప్ అవర్. 18 ఇంటూ 3, 54 వాట్ అవర్లు. అదీ నా ట్యాంకు. ఇప్పుడు మేం వాడుతున్న మిషన్‌లో 18 వోల్టులు, 5 ఆంప్ అవర్ బ్యాటరీలు రెండు ఒకేసారి పెట్టాలి. 90, 90, మొత్తం 180. బాక్స్ మీద వాట్ అవర్ రాయకపోతే మీరే గుణించుకోండి. గుణించడానికి ఆంప్ అవర్ కూడా రాయలేదంటే ఆ మిషను వదిలేయండి.

వోల్ట్ తక్కువైతే పనికిరాదని కాదు. స్టిల్ వాళ్లది జీటీఏ 26 అని చిన్న ప్రూనర్ ఉంది. 4 అంగుళాల బార్, వోల్టులు 10.8 మాత్రమే. వాళ్లు 10.8 అని రాసే అమ్ముతున్నారు, అదీ వేలులావు కొమ్మల దగ్గర్నుంచి చెయ్యి లావు కొమ్మల దాకా కోస్తుంది. పెద్ద రంపాలైతే స్టిల్‌లో 36 వోల్ట్ సిరీస్ ఉంది, మకిటాలో రెండు 18 వోల్ట్ బ్యాటరీలు కలిపి 36గా నడిచేవి ఉన్నాయి. నేను ఏది కొన్నానో చెప్పను, స్పాన్సర్ అనుకుంటారు. మీ ఊరికి దగ్గర్లో ఏ బ్రాండ్‌కి సర్వీస్, స్పేర్ చైన్లు దొరుకుతాయో అదే మీకు మంచి బ్రాండ్.

మోటారు బ్రష్‌లెస్ అయితే మేలు. కార్బన్ బ్రష్‌లు అరగడం ఉండదు, అదే బ్యాటరీతో ఎక్కువ పని వస్తుంది. ఇక బార్ పొడవు. మీరు కోయబోయే కొమ్మ లావుకన్నా బార్ ఒక రెండు అంగుళాలు ఎక్కువుంటే చాలు. జీడి, మామిడి కొమ్మలకి 10, 12 అంగుళాల బార్ సరిపోతుంది. పెద్ద చింతమాను పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోయాలంటే పెట్రోల్ మిషనే తెచ్చుకోండి, దాంట్లో మొహమాటం లేదు. నాకు బ్యాటరీది ఎందుకు నచ్చిందంటే, ఏడాదికి ఇరవై రోజులు వాడే మనుషులం మేము. పెట్రోల్ది ఆ మిగతా రోజులు మూల పెడితే కార్బొరేటర్‌లో పాత పెట్రోల్ గడ్డకట్టి, కావలసిన రోజే స్టార్ట్ అవదు. బ్యాటరీ మిషన్‌కి ఆ బాధ లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పార్ట్. చైన్ బ్రేక్.

మంచి చైన్‌సాలో ముందు హ్యాండిల్ ఎదురుగా ఒక నల్ల ప్లాస్టిక్ పలక నిలబడి ఉంటుంది. చాలామంది అది చేతికి అడ్డం అనుకుంటారు. అది బ్రేక్ లివర్ అండి. బార్ కొన, అందులోనూ కొన పైభాగం, వెనకున్న ఇంకో కొమ్మకి తగిలిందనుకోండి. అక్కడ పళ్లు ముందుకు, కిందకి తిరుగుతుంటాయి, కొమ్మని పట్టుకుంటాయి, కొమ్మ కదలదు, కాబట్టి బార్ మొత్తం పైకి లేచి మీ మొహం వైపు వస్తుంది. కిక్‌బ్యాక్ అంటారు. మీరు రెప్పవేసే లోపు అయిపోతుంది, ఆపుదాం అనుకునే టైమ్ ఉండదు. ఆ విసురుకి మీ ఎడమ మణికట్టు ఆ పలకకి తగిలి పలక ముందుకు పడుతుంది, లేదా ఆ కుదుపుకే బ్రేక్ పడుతుంది, చైన్ ఆగిపోతుంది.

నేను చూపించిన మినీ మిషన్‌లో ఈ బ్రేక్ లేదు. ముందు హ్యాండిలే లేదు! అంటే రెండో చేతికి పని లేదు. పని లేని చెయ్యి ఏం చేస్తుంది? వెళ్లి కొమ్మ పట్టుకుంటుంది. నాన్న తప్పు ఏమీ లేదు అందులో. ఆ మిషను ఆకారమే చేతిని అటు పంపిస్తుంది.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నా. చైన్ బ్రేక్ లేనిది, రెండు చేతులకీ హ్యాండిల్ లేనిది పెద్దవాళ్లకి కొనివ్వకండి. ఇప్పటికే ఇంట్లో మినీ ఉందా? పారేయమని అనను, డబ్బులు ఊరికే రావు. కానీ ఎడమచెయ్యి మిషను మీదే ఉండాలి, వెనక మోటారు భాగాన్ని పట్టుకునైనా సరే. కొమ్మ కదులుతుంటే ఇంకో మనిషి దూరం నుంచి తాడుతో లాగి పట్టాలి. బార్ పైన చైన్‌ని కప్పే చిన్న గార్డ్ ఇస్తారు, అది విప్పకండి. ఇంకోటి, ట్రిగ్గర్ పక్కన లాక్ బటన్ ఉంటుంది, అది నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది. కొందరు విసుగొచ్చి ఆ బటన్‌కి టేప్ చుట్టేస్తున్నారు. నేను రెండు ఊళ్లలో చూశాను. దయచేసి వద్దు.

బ్యాటరీ మిషన్‌తో ఇంకో ప్రమాదం ఉంది, పెట్రోల్ దాంట్లో అది లేదు. చప్పుడు. పెట్రోల్ మిషను ఆన్‌లో ఉంటే ఊరంతా వినపడుతుంది. ఇది ట్రిగ్గర్ వదిలితే నిశ్శబ్దం, ఆఫ్ అయిపోయిందనిపిస్తుంది. కానీ బ్యాటరీ లోపలే ఉంది. చైన్‌లో ఇరుక్కున్న పుల్ల తీద్దామని వేలు పెడతాం, ఇంకో చెయ్యి ట్రిగ్గర్ మీద పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒకటే రూలు: చైన్‌ని ముట్టుకునే ముందు బ్యాటరీ తీసి జేబులో వేసుకోవాలి. పక్కన పెట్టడం కాదు, జేబులో. బ్యాటరీ పెద్దదైతే లుంగీ మడతలో పెట్టుకుంటున్నారు నాన్న, అదీ ఓకే.

సరే, కొన్నాం. ఇక వాడటం, చూసుకోవడం. ఇక్కడ నేను చేసిన వెర్రిపని ఒకటి చెప్తాను. రెండో నెలలో పాత చైన్ తీసి కొత్త చైన్ వేశాను. కోస్తుంటే పొగ వస్తోంది గానీ కొమ్మ తెగట్లేదు. బ్యాటరీ వీక్ అనుకున్నా, ఛార్జ్ పెట్టా. మళ్లీ పొగ. కొమ్మ మీద నల్లటి గీత తప్ప ఏమీ లేదు. అరగంట తర్వాత పక్క తోట మావయ్య వచ్చి చూసి, "అల్లుడూ, రంపం తిరగేసి వేసినావు" అన్నాడు. చైన్‌కి ముందూ వెనకా ఉంటాయండి. బార్ పైభాగంలో ఉన్న పళ్ల పదును వైపు బార్ కొన వైపుకి చూస్తూ ఉండాలి. నా ఇంజనీరింగ్ డిగ్రీ సంగతి ఆ రోజు తోట మొత్తానికి తెలిసిపోయింది.

ఈ చైన్ పంటి వెనక మంచి కథ ఉంది, ఒక్క నిమిషం చెప్తాను. 1940ల్లో అమెరికాలో జో కాక్స్ అని ఒకాయన అడవిలో చెట్లు కోసే పని చేసేవాడు. అప్పటి చైన్ల పళ్లు మామూలు రంపం పళ్లలాగే ఉండేవి, గీరినట్టు కోసేవి, ఊరికే మొద్దుబారేవి. 1946లో ఒకరోజు ఆయన ఒక మొద్దులో పురుగుని చూశాడు. చెట్టు తొలిచే పెంకుపురుగు పిల్ల. అది దవడల్ని ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వంచి, గట్టి కలపని సునాయాసంగా చెక్కుకుంటూ పోతోంది. దాన్ని చూసి ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి వంగి ఉండే చైన్ తయారుచేశాడు. ఇప్పుడు మీ మిషన్‌లో ఉన్నది ఆ డిజైనే. మా జీడిచెట్ల మొదట్లో బెజ్జాలు చేసి చెట్టునే ఎండగొట్టే కాండం తొలిచే పురుగు ఉందే, అది కూడా ఆ కుటుంబానిదే. మేం మందు పోసి చంపే పురుగుని చూసి ఆయన కంపెనీ పెట్టేశాడు.

ఆ పన్ను పదునుగా ఉందా లేదా అన్నదే బ్యాటరీ మిషన్‌కి ప్రాణం. పెట్రోల్ మిషను పదును లేకపోయినా మొండిగా కోసుకుపోతుంది, పెట్రోల్ పోస్తే చాలు. బ్యాటరీకి ఆ వీలు లేదు. నేను స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. నాలుగు అంగుళాల పచ్చి జీడికొమ్మ, పదును ఉన్నప్పుడు మినీ మిషన్‌తో తొమ్మిది సెకన్లు. కొబ్బరి మాను కోసిన తర్వాత అదే చైన్, అంతే లావు కొమ్మ, ఇరవై ఆరు సెకన్లు. 54 వాట్ అవర్ బ్యాటరీ, కోసేటప్పుడు మోటారు దాదాపు 500 వాట్లు లాగుతుందనుకుంటే, అసలు కోత టైమ్ ఆరు నిమిషాల పైచిలుకు. తొమ్మిది సెకన్ల చొప్పున నలభై కొమ్మలు. ఇరవై ఆరు సెకన్ల చొప్పున పదిహేను కూడా రావు. బ్యాటరీ అదే, ఛార్జింగ్ అదే. "అన్నా బ్యాటరీ రెండు నెలలకే పోయింది" అని నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమందికి పోయింది బ్యాటరీ కాదు, చైన్ పదును.

పదును పోయిందని ఎలా తెలుస్తుంది? రంపపు పొట్టు చూడండి. పదునుగా ఉంటే కొబ్బరి కోరులాగా పలుకులు పలుకులుగా పడుతుంది. పోతే పసుపు పొడిలా మెత్తగా పడుతుంది. మీరు మిషన్‌ని కిందకి నొక్కాల్సి వస్తోందంటే కూడా పదును పోయినట్టే. మంచి చైన్ దానంతటదే దిగుతుంది, మన బరువు వేయక్కర్లేదు. కోత ఒక పక్కకి వంకర పోతుంటే ఆ వైపు పళ్లకీ ఈ వైపు పళ్లకీ పదును తేడా వచ్చిందని అర్థం.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. 10, 12 అంగుళాల బార్ ఉన్న మిషన్లలో మామూలుగా వచ్చే త్రీ బై ఎయిట్ లో ప్రొఫైల్ చైన్‌కి 4 మిల్లీమీటర్ల ఆకురాయి. మినీల్లో చైన్ ఇంకా సన్నం, దానికి ఆకురాయి కూడా సన్నం, చైన్ ప్యాకెట్ మీద సైజు రాసి ఉంటే చూసుకోండి. బ్యాటరీ తీసేయండి. చేతులకి గ్లవ్స్. పంటి పైన 30 డిగ్రీల గీత గీసి ఉంటుంది, ఆ కోణంలో పెట్టి లోపల నుంచి బయటికి తోయండి. తోసేటప్పుడే రాపిడి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక్కో పంటికి రెండు మూడు తోపులు, అన్నిటికీ ఒకటే లెక్క. ఒకవైపు పళ్లన్నీ అయ్యాక తిరిగి రెండోవైపు. మొత్తం పది నిమిషాల పని. నాలుగైదుసార్లు పదును పెట్టాక, పంటి ముందు చిన్న మూపురంలా ఉంటుంది చూడండి, డెప్త్ గేజ్ అంటారు, దాన్ని కూడా చదును ఆకురాయితో కొంచెం తగ్గించాలి. పన్నుకన్నా అది 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి. కంటితో కుదరదు, గేజ్ పలక కొనుక్కోండి. ఎక్కువ తగ్గిస్తే చైన్ పెద్ద ముక్క కరిచి మిషను ఎగురుతుంది. సరిగ్గా రాదని భయమైతే ఆ ఒక్కటి షాపులో చేయించుకోండి, తప్పేం లేదు.

మా దగ్గర పదును తినేసేవి రెండు. ఒకటి కొబ్బరి మాను. పైకి పీచు, మెత్తన అనుకుంటాం, కానీ మాను బయటి పొర చాలా గట్టిది. ఆ పీచు వెళ్లి స్ప్రాకెట్ కవర్లో దూది కుక్కినట్టు కూరుకుపోతుంది, మిషను వేడెక్కి ఆగిపోతుంది. నాలుగైదు కోతలకి ఒకసారి బ్యాటరీ తీసి కవర్ విప్పి శుభ్రం చేయాలి. రెండోది గట్టు మీద చెట్లు. ఎప్పుడో తాతగారు కొట్టిన ముళ్లతీగ, మేకులు మానులో కలిసిపోయి ఉంటాయి. ఒక్క మేకు చాలు, చైన్‌లో అరడజను పళ్లు పోతాయి. నేల మట్టికి కూడా చైన్ తగలనివ్వకండి. కింద పడిన కొమ్మ కోసేటప్పుడు దాని కింద ఇంకో దుంగ పెట్టండి.

చైన్ బిగుతు. బార్ కింద మధ్యలో చైన్‌ని లాగి వదిలితే టప్పుమని వెనక్కి వెళ్లాలి, లాగినప్పుడు కింది పళ్లు బార్ గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. చేత్తో లాగితే చైన్ తిరగాలి. కొత్త చైన్ మొదటిరోజే సాగుతుంది, పావుగంటకోసారి చూసుకోండి. వేడి మీద బిగిస్తే పని అయ్యాక కొంచెం వదులు చేసి పెట్టాలి, చల్లారాక అది కుంచించుకుని బార్‌ని పట్టేస్తుంది.

ఆయిల్ గురించి నాన్నకీ నాకూ ఇప్పటికీ గొడవ. "బండిలోంచి తీసిన పాత ఆయిల్ ఉంది కదరా, అది పోస్తే ఏటవుద్ది?" ఏమవుతుందంటే, దాంట్లో ఇంజన్ అరిగిన లోహపు పొడి ఉంటుంది, అది బార్‌ని అరగదీస్తుంది. పైగా ఆ నల్ల ఆయిల్ చెట్టు గాయంలోకి, నేలలోకి, మన బట్టల మీదకి చిమ్ముతుంది. చైన్ ఆయిల్ అనే దొరుకుతుంది, కొంచెం జిగటగా, చైన్ ఎంత వేగంగా తిరిగినా ఎగిరిపోకుండా అంటుకుని ఉండేలా చేస్తారు. అత్యవసరమైతే వంటనూనె పోసి ఆ పూట గడపొచ్చు, కానీ అది లోపల వదిలేస్తే గట్టిపడి బెజ్జం మూసుకుపోతుంది. మినీల్లో చాలావాటికి ఆయిల్ దానంతటదే రాదు, బటన్ నొక్కాలి, లేదా చుక్కలు వేయాలి. మర్చిపోతారు, చైన్ నీలంగా కాలుతుంది. ఆయిల్ వస్తోందో లేదో టెస్ట్ ఇదీ: అట్టముక్క మీదకి బార్ కొన చూపించి, తగలకుండా, కాసేపు తిప్పండి. అట్ట మీద సన్నగా ఆయిల్ గీత పడాలి. పడలేదా, బార్ విప్పి గాడిలో ఇరుక్కున్న జీడిజిగురు, పొట్టు గీకండి, బార్ మొదట్లో ఉన్న చిన్న ఆయిల్ బెజ్జం పుల్లతో తీయండి. విప్పినప్పుడే బార్‌ని తిరగేసి బిగించండి, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

మూల పెట్టినప్పుడు మిషను కింద ఆయిల్ మరక కనిపిస్తే కంగారు పడకండి. కొంచెం కారడం మామూలే. కింద అట్ట వేయండి.

బ్యాటరీ. మే నెలలో రేకుల షెడ్‌లో వదిలేస్తే ఏ కంపెనీదైనా పాడవుతుంది. ఇంట్లో, నీడలో. కోసి వచ్చిన వెంటనే వేడి మీద ఛార్జ్ పెట్టకండి, టీ తాగి పెట్టండి. నెలలపాటు వాడరంటే ఫుల్‌గా కాదు, ఖాళీగా కాదు, సగం ఛార్జ్‌లో ఉంచండి. చీప్ ఛార్జర్లు రాత్రంతా పెట్టి పడుకోవద్దు, మంచం మీద అసలే వద్దు. మాది సముద్రగాలి, కాంటాక్ట్‌లకి చిలుం పడుతుంది, పొడిగుడ్డతో తుడుస్తూ ఉంటాం.

ఇప్పుడు తుఫాను ముచ్చట. తిత్లీ అప్పుడు మా ఊళ్లో కరెంటు రావడానికి రోజులకి రోజులు పట్టింది. అంటే బ్యాటరీ మిషను నిజంగా కావలసిన రోజునే ఛార్జ్ పెట్టడానికి కరెంటు ఉండదు. ఇది దాచి అమ్మకూడదు. అందుకే మాకు ఇప్పుడొక అలవాటు: వాతావరణ శాఖ అల్పపీడనం వాయుగుండం అయింది అనగానే బ్యాటరీలన్నీ ఫుల్. సగం రూలు ఆ వారం పక్కన పెట్టేస్తాం. ఇంటి ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్ ఆపి ఈ ఛార్జర్ పెట్టుకోవచ్చు, చిన్న ఛార్జర్లు దానికి పెద్ద బరువు కాదు.

తుఫానుకి పడిన చెట్టు మామూలు చెట్టు కాదండి. కొమ్మ విల్లులా వంగి ఉంటుంది. సాగిన వైపు ఒక్కసారే లోతుగా కోస్తే చీలి మీద పడుతుంది. ముందు నొక్కుకుపోయిన లోపలి వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు నుంచి మెల్లగా రావాలి, మనిషి విల్లు విడిచే దారిలో నిలబడకూడదు. కరెంటు తీగ మీద పడిన కొమ్మ జోలికి ఎవరూ వెళ్లొద్దు, లైన్‌మన్ వచ్చి సప్లై కట్ చేశానని చెప్పేదాకా. నిచ్చెనెక్కి, భుజం కన్నా ఎత్తులో కోయొద్దు. కర్రకి బిగించే పోల్ రంపాలు వేరే ఉన్నాయి, దానికి అవి.

మామూలు రోజుల్లో జీడికొమ్మ తీసేటప్పుడు ముందు కింద నుంచి మూడోవంతు గాటు, తర్వాత ఇంకొంచెం అవతల పైనుంచి కోత. అప్పుడు కొమ్మ బరువుకి బెరడు మాను దాకా చీలిపోదు. మిగిలిన మోడు చివర్లో నీట్‌గా తీసి, కోసిన చోట బోర్డో పేస్ట్ పూయండి. కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, పది లీటర్ల నీళ్లు. కొమ్మలు తీయడం వేరు, చెట్టు మొత్తం కొట్టేయడం వేరు, దానికి వాల్టా చట్టం ఉంది, 2002 నుంచి. చేతిలో మిషను ఉంది కదా అని ఉత్సాహపడకుండా ముందు అనుమతి సంగతి కనుక్కోండి.

కళ్లద్దాలు, గ్లవ్స్, గట్టి బూట్లు. లుంగీ పైకి కట్టి కోయడం కూడా మానిపించాను. బ్యాటరీ పెట్టుకోవడానికి చోటు లేదని ఆయన గొడవ. ప్యాంటు జేబు కొంచెం పెద్దది కుట్టించాం.

కుట్లు విప్పిన రోజు నాన్న, "ఆ మిషను నువ్వే అట్టుకుపో, నాకొద్దు" అన్నారు. కొత్త దాన్ని రెండు నెలలు ముట్టుకోలేదు. ఆగస్టులో ఒకరోజు నేను పదును పెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. కాసేపు చూసి, "కొడవలికి నూరినట్టే కదరా" అని ఆకురాయి తీసుకున్నారు. నాకన్నా బాగా పెట్టారు, పొట్టు చూస్తే తెలిసిపోయింది. ఇప్పుడు రెండు చేతులూ మిషను మీదే, ఎడమ బొటనవేలు హ్యాండిల్ కిందకి చుట్టి పట్టుకుంటున్నారు. ఆ వేలు పూర్తిగా మడత పడట్లేదు ఇంకా, చలికి లాగుతోందంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో పదును పెట్టడం దగ్గర్నుంచి చూపిస్తాను. చేతులు నాన్నవే ఉంటాయి, ఆకురాయి నాకు ఇవ్వట్లేదు కాబట్టి. ఉంటానండి.